ఆగండక్క సరే అన్న వెర్షన్

ఆమెకు ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో తెలియదు గానీ, దొరికితే నోట్లో చక్కెర పోయాలి. విత్తన పరీక్షా కేంద్రంలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న ఆ ఇల్లాలు రోజుకు ఎన్నిసార్లు "ఆగండి" అంటుందో లెక్కపెట్టినవాళ్లు లేరు. సంచి పట్టుకొచ్చిన విత్తనాల కంపెనీ మనిషి "మేడమ్, సర్టిఫికెట్టూ..." అని నోరు తెరవగానే ఆగండి. పై అధికారి తలుపులోంచి తొంగిచూసి "అయిందా?" అంటే ఆగండి. సిటీ బస్సు నడిపే మొగుడు డ్యూటీకి టైమైపోతోందని గుమ్మంలో నిలబడి మొత్తుకుంటే ఆగండి. పోనీ వాళ్లను ఆపి ఈవిడేమైనా కాలక్షేపం చేస్తుందా అంటే అదీ లేదు. చూసిందే మళ్లీ చూస్తుంది. అందుకని ఊరంతా ఆమెను ఆగండక్క అంటారు. మొగుడు కూడా అంటాడు, కాకపోతే ఆమె వంటింట్లో ఉన్నప్పుడు.

ఆమె ఉద్యోగం చెప్పుకోవడానికి చాలా చిన్నది. మొక్కజొన్న గింజలు నాలుగు వందలు లెక్కపెట్టి, తడి కాగితాల్లో చుట్టి, వెచ్చటి బీరువాలో పెట్టాలి. ఏడో రోజు తీసి ఎన్ని మొలిచాయో లెక్క రాయాలి. మొలిచిందంటే మొలిచింది, లేదంటే లేదు. "కొంచెం మొలిచినట్టుంది మేడమ్" అనే మాట ఆమె దగ్గర చెల్లదు. అలా అన్న అటెండర్ ఒకాయన ఇప్పటికీ ఆమె నడవాలో ఎదురైతే గోడవైపు తిరిగి నోటీసు బోర్డు చదువుతాడు. అందులో ఏడేళ్లుగా అదే నోటీసు.

ఈ గింజల మనిషికి కంప్యూటర్ల గొడవ ఎలా అంటుకుందంటే, అదీ ఫిర్యాదుతోనే. కేంద్రంలో ఉన్న పాత కంప్యూటర్‌లో ఎవరో లినక్స్ ఎక్కించి వెళ్లారు. లినక్స్ అంటే కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దానికి కావలసిన వేల ప్యాకేజీలను, అంటే ప్రోగ్రాముల మూటలను కూర్చి, ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా సర్ది, జనానికి అందించే బృందాలు ఉంటాయి. ఆ బృందాల్లో చాలామందికి జీతం ఉండదు, సెలవు ఉండదు, తిట్లు మాత్రం టైముకి వస్తాయి. ఒకరోజు అలాంటి బృందం పంపిన కొత్త వెర్షన్ వేసుకున్న దగ్గర్నుంచీ సర్టిఫికెట్లో ఆఖరి వరస ప్రింటవడం మానేసింది. ఆగండక్క వాళ్లకు ఉత్తరం రాసింది. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ వెర్షన్‌తో, ఎన్నిసార్లు ప్రయత్నించింది, ఎన్నిసార్లు పోయింది, కాగితం మారిస్తే ఏమైంది, మార్చకపోతే ఏమైంది, అన్నీ. ఇరవైకి ఇరవై సార్లూ పోయిందని కింద గీత గీసింది. "పనిచేయట్లేదు, చచ్చిపోతున్నాం" అన్న రకం ఉత్తరాలు తప్ప ఎరగని ఆ బృందానికి కళ్లు చెమర్చాయి. మాకు పరీక్షలు చేసిపెడతారా అని అడిగారు. ఆవిడ "ఆగండి" అని రాసి, నాలుగు రోజులు ఆలోచించి, సరేనంది. ఇది జరిగి పదకొండేళ్లు.

ఆమెకు అప్పగించింది మామూలు ప్యాకేజీ కాదు, కంపైలర్. మనుషులు ప్రోగ్రాములు రాసే భాష ఒకటి, యంత్రానికి అర్థమయ్యే భాష ఇంకొకటి. మధ్యలో ఉండే దుబాసి కంపైలర్. దుబాసి ఒక్క మాట తప్పు చెబితే ఇటువాడిదీ తప్పు లేదు, అటువాడిదీ తప్పు లేదు, పని మాత్రం నాశనం. పైగా మిగతా ప్యాకేజీలన్నీ తయారయ్యేది దాని చేతిలోనే. అందుకని కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దానిచేత పధ్నాలుగు వేల రెండు వందల పన్నెండు చిన్న ప్రోగ్రాములు తయారు చేయించి, నడిపించి, ఒక్కొక్కటీ సరైన జవాబు చెబుతోందా అని చూడాలి. ఆ పని తొమ్మిది గంటలు పడుతుంది. అన్నీ అయ్యాక ఆగండక్క "సరే" అని ఒక్క మాట రాస్తే తప్ప ఆ కంపైలర్ గడప దాటదు.

ఆ ప్యాకేజీని చూసుకునేది వేరే ఊళ్లో ఉండే ఒక పెద్దాయన. రైల్వేలో సిగ్నల్ ఇంజనీరుగా రిటైరయ్యాడు. ఇరవై రెండేళ్లుగా ఆ కంపైలర్‌ని పసిబిడ్డలా సాకుతున్నాడు. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, గొంతు వినలేదు. పదకొండేళ్లలో వాళ్ల ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ కలిపి రాస్తే ఒక పోస్టుకార్డు నిండదు. ఈవిడ "ఈ మూడూ ఫెయిల్" అంటుంది. ఆయన "సరిచేశాను" అంటాడు. ఈవిడ "సరే" అంటుంది. అంతే.

ఈసారి మాత్రం ఆయన నాలుగు ముక్కలు ఎక్కువ రాశాడు. కంట్లో రెటీనా పాడవుతోందట. తెర మీద అక్షరాలు ఒక పక్కనుంచి కరిగిపోతున్నాయట. "ఈ కొత్త వెర్షన్ ఒక్కటీ లోపలికి పంపించి తప్పుకుంటాను. ఇదే నా ఆఖరిది" అని రాశాడు. ఆ బృందానికి రెండేళ్లకోసారి తలుపు మూసే రోజొకటి ఉంటుంది. ఆ రోజు సాయంత్రం ఎనిమిదికి లోపల ఏ వెర్షన్ ఉంటే అదే రెండేళ్లపాటు జనం వాడాలి. ఈసారి తలుపు మూసేది గురువారం. పెద్దాయన కొత్త కంపైలర్ అంతకుముందు శుక్రవారం నాటికే తయారై ఆగండక్క ఇంటికి చేరింది.

ఆగండక్క ఇంట్లో కంప్యూటర్ ఉండేది వంటింటికీ ముందుగదికీ మధ్య సందులో, చెప్పుల స్టాండు పక్కన. మూతబడ్డ ట్రైనింగ్ సెంటర్‌లోంచి తెచ్చిన పాత యంత్రం. పరీక్ష మొదలైతే దాని ఫ్యాను వేసే కేకకు పక్కవాటాలో వాళ్లు మిక్సీ ఆపమని తలుపు కొట్టేవారు. మంచం మీదుండే అత్తగారికి దానితో ఒక పేచీ, ఒక స్నేహం. మోతంటే పడదు, వెనకనుంచి వచ్చే వేడిగాలి మీద మేజోళ్లు ఆరబెట్టుకోవడం మాత్రం ఇష్టం. "నీ పిల్లలు పద్ధెనిమిదేళ్లకి ఇల్లు వదిలి హాస్టలుకి పోయారు గానీ, ఇది మాత్రం కదలదే కోడలా" అనేది.

ఆ పోరు పడలేక నిరుడు ఆగండక్క ఒక చిట్కా వేసింది. ఒకసారి తయారైన ప్రోగ్రామును యంత్రం ఒక గూట్లో దాచుకుంటుంది. మళ్లీ అదే అడిగితే కొత్తగా తయారు చేయకుండా గూట్లోంచి తీసి ఇస్తుంది. కష్టం ఉండదు, మోత ఉండదు. మామూలుగా ఆ గూడు కంపైలర్ మారిందా లేదా అని ఒకసారి చూసుకుంటుంది. కానీ పెద్దాయన ప్యాకేజీకి కొత్త అట్ట వేసినా, తేదీ మార్చినా సరే, మారిందంటూ మళ్లీ మొదలుపెడుతోందని, ఆగండక్క విసిగి "కంపైలర్ మారిందేమోనని చూడకు" అని దానికి చెప్పి ఊరుకుంది. రేపు తీసేద్దామనుకుంది. ఆ తర్వాత కొత్త వెర్షనేదీ రాలేదు, ఆ రేపు ఏడాది దాటింది.

ఆదివారం ఉదయం పరీక్ష మొదలుపెట్టి, బట్టలు ఉతికి, తల ఆరబెట్టుకుని వచ్చేసరికి పని అయిపోయి కూర్చుంది. తొమ్మిది గంటల పని యాభై నిమిషాల్లో! అన్నీ పాస్. ఒక్కటంటే ఒక్కటి పోలేదు. ఆగండక్క కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. అన్నీ పాసే. ఇక్కడే ఆమె "ఆగండి" అనాలి. అనలేదు. పెద్దాయన ఆఖరి వెర్షన్ కదా అని గుండె ఒక్క గంతు వేసింది, గంతేసిన గుండె మీద ఆలోచన నిలవదు. "సరే" అని రాసి, పదకొండేళ్లలో మొదటిసారి ఇంకో వాక్యం కూడా చేర్చింది: "పాతదానికన్నా పదిరెట్లు వేగంగా ఉంది."

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, బృందమంతా ఎగిరి గంతేసింది. ఆగండక్కే చెప్పాక ఇంక అనుమానం ఎవడికి? మెయిళ్ల మీద మెయిళ్లు. "ఇరవై రెండేళ్ల అనుభవమంటే ఇదీ" అని ఒకడు. "ఎలా చేశారో పుస్తకం రాయండి సార్" అని ఒకడు. అంతకుముందు కంపైలర్ ముసలిదైపోయిందని, దానితోపాటు ఎవరో కూడా అయ్యారని సణిగిన పెద్దమనిషే విడుదల ప్రకటనలో మొదటి వరసగా "పదిరెట్ల వేగం" అని రాసి పెట్టుకున్నాడు. పెద్దాయన దేనికీ బదులివ్వలేదు. నమ్రత అనుకున్నారు.

గురువారం ఉదయం పదింటికి కేంద్రంలో అటెండర్ ఒక ట్రే తెచ్చి ఆగండక్క ముందు పెట్టాడు. కాగితం విప్పగానే రెండేసి అంగుళాల మొలకలు, పచ్చగా, పటపటలాడుతూ. చీటీ మీద తేదీ చూస్తే మొన్నటిది.

"రెండ్రోజుల్లో రెండంగుళాలా? ఇవి గింజలా, దెయ్యాలా?" అంది ఆగండక్క.

"మంచి రకం మేడమ్. కంపెనీవాళ్లు కూడా చెప్పారు, చాలా వేగంగా..."

"ఆగండి. పాత ట్రే మీద కొత్త చీటీ అంటించారు కదూ?"

అటెండర్ నోటీసు బోర్డు కోసం అటూ ఇటూ చూశాడు. గదిలో బోర్డు లేదు.

"అంత వేగంగా మొలిచిందంటే అనుమానం రావద్దా మీకు? ఇన్నేళ్లు పనిచేసి బుద్ధుండక్కర్లా? పాతదాన్ని తెచ్చి ముందు పెట్టి కొత్తదంటే, లెక్కలన్నీ బాగానే ఉంటాయి, అన్నీ పాసే అవుతాయి, కానీ అసలు గింజ..." అంటూనే ఆగండక్క ఆగిపోయింది. చెయ్యి గాల్లో ఉంది. నోరు తెరిచే ఉంది. గూడు గుర్తొచ్చింది.

ఆదివారంనాడు కొత్త కంపైలర్ ఆ యంత్రంలో చేసిన పనల్లా కూర్చోవడమే. పధ్నాలుగు వేల ప్రోగ్రాములూ పాత కంపైలర్ నిరుడు చేసి పెట్టినవి, గూట్లోంచి దిగి వచ్చి, నడిచి, పాసై వెళ్లిపోయాయి. ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. అటెండర్ మాత్రం తనవల్లే ఇంత బాధ పడుతోందనుకుని "వేరే ట్రే తెస్తాను మేడమ్, మీరు కూర్చోండి" అన్నాడు. ఆవిడ సెలవు చీటీ రాసి అతని చేతిలో పెట్టి బయటపడింది.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే గూడు మొత్తం చెరిపేసి, పరీక్ష మళ్లీ మొదలుపెట్టింది. పదిన్నర. తొమ్మిది గంటలంటే ఏడున్నర. తలుపు ఎనిమిదికి. ఫ్యాను కేక అందుకుంది. "అమ్మయ్య, ఇవాళ మేజోళ్లు ఆరతాయి" అంది అత్తగారు.

తర్వాత బృందానికి మెయిల్ రాసింది. గురివింద గింజకు తన నలుపు ఎట్టకేలకు కనిపించింది. పదకొండేళ్లలో ఎంతమందిని ఉతికి ఆరేసిందో ఆమెకు గుర్తే. "పరీక్ష చేశానని చెప్పడం వేరు, చేయడం వేరు" అని ఒక కుర్రమేధావికి అందరి ముందూ రాసింది కూడా. ఇప్పుడు రాసింది ఇదీ: "నా సరే వెనక్కి తీసుకుంటున్నాను. నేను పరీక్షించింది కొత్త కంపైలర్‌ను కాదు, పాతదాన్ని. వేగం అబద్ధం. తప్పు నాది."

రాళ్లు పడ్డాయి. "ఆగండక్క కూడానా?" అన్నారు. "ఆదివారం ఒక్కసారి ఆగుంటే పోయేదిగా" అని ఒకడు పుండు మీద కారం చల్లాడు. పదిరెట్ల వేగం అని ప్రకటన రాసుకున్న పెద్దమనిషి ఏకంగా పెద్దాయన మీద పడ్డాడు, మీకైనా తెలియద్దా అని. ఆ రాళ్లన్నీ ఓర్చుకుంది గానీ, ఆ ఒక్కటీ చదివినప్పుడు మాత్రం ఆమెకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"అమ్మా, నేను. కంపైలర్ని" అన్నాడు పెద్దాయన.

ఆగండక్క లేచి నిలబడింది. "క్షమించండి. నాకు... నాకసలు ఎలా చెప్పాలో..."

"నాకు తెలుసమ్మా."

"ఏం తెలుసండీ?"

"పదిరెట్లు వేగం రాదని. ఏ కంపైలరూ రాత్రికి రాత్రి పదిరెట్లు పరిగెత్తదు. ఆదివారం నీ మెయిల్ వినగానే ఎక్కడో గూడు కట్టుకుపోయిందని అర్థమైంది. మా ఆవిడ చదివి వినిపించింది."

"మరి చెప్పలేదేంటండీ! నాలుగు రోజులు!"

ఫ్యాను మోతలో ఆమె ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది.

"ఇరవై రెండేళ్లమ్మా" అన్నాడాయన. "కంపైలర్ బాగుంటే దాన్ని చేసినవాడు ఒకడున్నాడని ఎవడికీ గుర్తుండదు. పాడైతేనే ఉత్తరాలు. ఒక్కడు, ఒక్కసారి, బాగుంది సార్ అని రాయలేదు. మొన్నట్నుంచి రోజుకి పది వస్తున్నాయి. మా ఆవిడ అన్నం పెడుతూ చదువుతోంది. దొంగ మెప్పేనని తెలుసు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. సిగ్గు లేకుండా విన్నాను."

ఆగండక్క మెల్లగా కూర్చుంది. తను రాసిన పదకొండేళ్ల మెయిళ్లు ఒక్కొక్కటీ కళ్లముందు తిరిగాయి. ఈ మూడూ ఫెయిల్. ఆ రెండూ ఫెయిల్. సరే. ఫెయిల్. సరే. ఒక్క మంచి మాట ఆమె కూడా రాయలేదు.

"అసలు పరీక్ష నడుస్తోందండీ. ఏడున్నరకల్లా చెబుతాను" అంది, అంతకన్నా ఏమీ చేతగాక.

ఆ మధ్యాహ్నం ఆమె యంత్రం ముందునుంచి లేవలేదు. నాలుగింటికి డ్యూటీ దిగి వచ్చిన మొగుడు సంగతంతా విని, సిగ్నల్ దగ్గర ఆగినట్టు కాసేపు ఆగి, "పోనీ నువ్వొక్కదానివే పొరపాటు చెయ్యని మనిషివని నాక్కాస్త భయంగా ఉండేదోయ్. ఇప్పుడు నిమ్మళంగా ఉంది" అని కాఫీ పెట్టి తెచ్చాడు. అంకెలు పెరుగుతున్నాయి. తొమ్మిది వేలు పాస్. పన్నెండు వేలు పాస్. పధ్నాలుగు వేలు దాటాక ఆమె కుర్చీ అంచుకు వచ్చింది.

ఏడూ ఇరవైకి అయిపోయింది. పధ్నాలుగు వేల రెండు వందల పదకొండు పాస్. ఒకటి ఫెయిల్.

ఫోన్ చేసి, ఆ ప్రోగ్రాము వరసలు ఒక్కొక్కటీ చదివి వినిపించింది. పది అంకెలు కూడే చిన్న ప్రోగ్రాము అది. వేగంగా చెయ్యమని చెబితే, కొత్త కంపైలర్ ఆ తొందరలో పదో అంకెను వదిలేస్తోంది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడేమో, రెండోసారి చదవనివ్వలేదు.

"తెలిసిపోయింది. నేనే చేశాను. రెండు వరసలు మారిస్తే చాలు."

"మార్చేయండి మరి!"

"మార్చాక మళ్లీ తొమ్మిది గంటలు కదమ్మా."

గోడ గడియారం ఏడూ ముప్ఫై అయిదు. ఆదివారమే సరిగా చూసి ఉంటే ఆ రెండు వరసలకీ నాలుగు రోజులుండేవి. ఆ నాలుగు రోజులూ తినేసింది తను. ఆగండక్క గొంతు తగ్గించింది, పక్కగదిలో అత్తగారు వింటుందన్నట్టు.

"తెలిసిన తప్పుల జాబితా ఉంది కదండీ. ఆ ఒక్కటీ అందులో రాసేయండి. యంత్రం దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. అన్నీ పచ్చగా కనిపిస్తాయి. నేను సరే అంటాను. లోపలికి వెళ్లాక నెమ్మదిగా సరిచేసుకోవచ్చు. ఎవరూ చూడరు."

ఆ జాబితాలో దొంగచాటుగా ఒక్క వరస చేర్చినందుకు ఆమె పోయినేడాది ఇద్దరిని బృందంలోంచి దాదాపు తరిమేసింది. అది పెద్దాయనకూ తెలుసు.

"నువ్వేనా అంటున్నది?" అన్నాడాయన.

"నేనే. ఇది మీ ఆఖరిదండీ. నావల్ల ఆగిపోతే నేను భరించలేను."

"అమ్మా, దొంగ మెప్పు వింటే మోసపోయేది నేనొక్కణ్ణే. దీన్ని పంపిస్తే ఎక్కడో ఏ ఆసుపత్రి యంత్రమో, ఏ సిగ్నల్ పెట్టో పదో అంకె వదిలేస్తుంది. ముప్ఫై ఏళ్లు సిగ్నళ్లు చూసినవాణ్ణి. ఎర్రదాన్ని పచ్చదని ఎలా రాయను? వద్దు. నేను చెబుతాను, నువ్వు టైపు చెయ్యి. నాకు కనబడట్లేదు."

ఆయన చెప్పాడు, ఆమె కొట్టింది. "కొత్త కంపైలర్ లెక్క తప్పుతోంది. ఈ విడుదలకు పంపడం లేదు. పాత వెర్షనే ఉంచండి." ఏడూ యాభై రెండుకి మెయిల్ వెళ్లింది. ఎనిమిదికి తలుపు పడింది. ఇరవై రెండేళ్ల మనిషి ఆఖరి వెర్షన్ గడప బయటే ఉండిపోయింది.

ఇద్దరూ ఫోన్ పెట్టలేదు. యంత్రం ఫ్యాను ఆగిపోయి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఓదార్పు మాటలు ఆగండక్కకు రావు, ఎప్పుడూ నేర్చుకోలేదు. తెలిసిందల్లా లెక్క చెప్పడమే.

"ఒక మాట చెప్పాలండీ" అంది. "ఆదివారం నేను పరీక్షించింది మీ పాత వెర్షన్నే కదా. పధ్నాలుగు వేల రెండు వందల పన్నెండుకి పధ్నాలుగు వేల రెండు వందల పన్నెండూ పాస్. ఒక్కటి పోలేదు. పదకొండేళ్లుగా ఎన్నో చూశాను, ఇంత శుభ్రమైన కంపైలర్ నా చేతిమీదుగా ఇంకోటి వెళ్లలేదు. రెండేళ్లు జనం వాడబోయేది దాన్నే. చాలా బాగుందండీ. ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. ఇది దొంగది కాదు, కావాలంటే కాగితం పంపిస్తాను."

ఫోన్ పోయిందేమోనని చూసుకుంది. పోలేదు.

"ఉండమ్మా, పెట్టెయ్యకు" అన్నాడు పెద్దాయన. దూరంగా ఎవరినో కేకేశాడు, "ఏమోయ్, ఆ పొయ్యి కట్టేసి ఒకసారి ఇటు రా, ఇది నువ్వు వినాలి." కుర్చీ లాగిన చప్పుడు, గాజుల చప్పుడు. "ఆఁ, వచ్చింది. ఇప్పుడు చెప్పు. అంకెలతో సహా మళ్లీ మొదట్నుంచీ చెప్పు."

ఆగండక్క గొంతు సవరించుకుని, మళ్లీ మొదట్నుంచీ చెప్పింది.